బెయిల్ మీద ఉన్న మనిషికి మళ్ళీ పిల్లల క్లాసు ఇస్తారట, మా చర్చిలో ఎవరికి ఎలా చెప్పాలి?

ఆదివారం_అమ్మ (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మతం మీద గొడవ పెట్టడానికి వేస్తున్న పోస్ట్ కాదు ఇది, దయచేసి ఆ కామెంట్లు వద్దు. మాది సిటీలోనే ఒక ఇండిపెండెంట్ చర్చి, మరీ పెద్దదేం కాదు, అందరికీ అందరూ తెలుసు. కీబోర్డ్ వాయిస్తూ సండే స్కూల్ కూడా చూసుకునే ఒకాయన మీద సంఘంలోని ఒక పాప విషయంలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు అయ్యింది, జైలుకెళ్ళాడు, కొన్ని నెలలకి బెయిల్ మీద వచ్చాడు, కేసు ఇంకా నడుస్తోంది. కొన్నాళ్ళు కనిపించలేదు. ఇప్పుడు మళ్ళీ వస్తున్నాడు, అది కూడా మామూలుగా వెనక కూర్చోవడం కాదు, మొన్న పాస్టర్ గారు ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించారు, శ్రమల్లో దేవుడు నన్ను విడిచిపెట్టలేదు అని ఆయన ఏడుస్తుంటే అందరూ హల్లెలూయా అని చప్పట్లు. పాప వాళ్ళ కుటుంబం మాత్రం చర్చికి రావడం మానేసి చాలా కాలమైంది, వాళ్ళ గురించి ఒక్క ముక్క ప్రార్థన కూడా చేయలేదు ఆరోజు.

ఇప్పుడు అసలు విషయం. ఎండాకాలం సెలవుల్లో పెట్టే పిల్లల బైబిల్ క్లాసులు, అంటే వీబీఎస్‌కి వాలంటీర్ల లిస్టు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు, అందులో ఆయన పేరు ఉంది, పాటలు నేర్పడానికట. మా బాబుకి తొమ్మిదేళ్ళు. నేను అయ్యగారి భార్యని పక్కకి పిలిచి అడిగితే "దేవుడే క్షమించాక మనమెవరం సిస్టర్, తీర్పు తీర్చకూడదు" అన్నారు. మా ఆయనేమో మనోణ్ణి పంపకపోతే సరిపోతుంది కదా, నీకెందుకు అంటాడు. ఇంకో సంగతి ఏంటంటే, కేసు అవ్వకముందే పెద్దలకి ఈ విషయం తెలుసట, ఆయన్ని కూర్చోబెట్టి మందలించి ప్రార్థన చేసి పంపారట, పాప వాళ్ళ నాన్నకి "విశ్వాసులు కోర్టుకెక్కకూడదు, వాక్యంలోనే ఉంది" అని చెప్పారట. ఇది లీగల్‌గా కరెక్టేనా? నేను బయటి మనిషినే కదా ఆ కేసుకి, నాకు అడిగే హక్కు ఉందా?

ఎడిట్: కింద లాయర్ గారు చెప్పారని ఏరియా పేరు, చర్చి గుర్తు పట్టే వివరాలు తీసేశాను.

బోరబండ_బిడ్డ

గిసొంటోళ్ళను కోర్టులు గిర్టులు తిప్పుడేంది, 2019ల చటాన్‌పల్లి కాడ రేప్ కేసుల పట్టుకున్నోళ్ళను ఎన్‌కౌంటర్ చేసినట్టు చేస్తే మళ్ళ ఒక్కడు చెయ్యడు. అప్పుడు మస్తుమంది పూలు చల్లిన్రు పోలీసోళ్ళ మీద, నేను కూడా పోయిన.

కోర్టుహాల్_నాలుగు

ముందు ఆ అమ్మకి: మీ పోస్ట్‌లో ఏరియా, చర్చి పేరులో సగం ఉన్నాయి, వెంటనే తీసేయండి. పోక్సో 23 ప్రకారం పాపని గుర్తుపట్టగలిగేది ఏదీ బయట పెట్టకూడదు, పేరు రాయకపోయినా సరే, చిన్న సంఘంలో ఏ కుటుంబం రావడం మానేసిందో చెప్తే చాలు తెలిసిపోతుంది.

ఇక విషయం. నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీస్ చేస్తాను, ఇది జనరల్‌గా చెప్తున్నా, మీ కేసు కాగితాలు చూడకుండా ఇంతకంటే చెప్పలేను.

పెద్దలకి ముందే తెలుసు అన్నారే, అది చిన్న విషయం కాదు. పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనని భయమున్నా ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. ఎవరైనా అంటే ఎవరైనా, పాస్టర్‌కి ఫాదర్‌కి పూజారికి మౌల్వీకి అందులో మినహాయింపు రాయలేదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. అదే ఒక సంస్థకి ఇన్‌చార్జ్ అయి ఉండి, తన కింద పనిచేసేవాడు చేసినదాన్ని దాస్తే ఏడాది దాకా జైలు, జరిమానా కూడా. సండే స్కూల్ టీచర్ ఎవరి కింద పనిచేస్తాడో మీరే చూసుకోండి. మహారాష్ట్రలో రాజురా అని ఊరుంది, అక్కడ హాస్టల్లో గిరిజన ఆడపిల్లల విషయంలో తెలిసి కూడా చెప్పలేదని ఒక డాక్టర్ మీద కేసు పెడితే హైకోర్టు కొట్టేసింది, 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడి, తెలిసి చెప్పకపోవడం అంటే నేరం చేసినవాణ్ణి కాపాడటమే అన్న అర్థంలో గట్టిగా రాసింది.

రెండోది రాజీ. కూర్చోబెట్టి మాట్లాడటం, డబ్బులిప్పించడం, పాప వాళ్ళ నాన్నతో కాగితం మీద సంతకం తీసుకోవడం, ఇవన్నీ చర్చిల్లోనే కాదు ఊళ్ళల్లో పంచాయితీలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కూడా చేస్తాయి. రాజస్థాన్‌లో ఒక టీచర్ మీద కేసుని పిల్ల తండ్రితో రాజీ అయ్యిందని అక్కడి హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఆర్డర్ చెల్లదని కేసు మళ్ళీ నడపమంది. పెద్దమనుషులు రాసుకున్న కాగితానికి ఇలాంటి కేసుల్లో విలువ లేదు.

మూడోది బెయిల్. కండిషన్లు ఏముంటాయో ఆర్డర్ కాపీ చూస్తేనే తెలుస్తుంది, మామూలుగా పాపని, వాళ్ళ ఇంటివాళ్ళని, సాక్షుల్ని కలవకూడదు, ప్రభావితం చేయకూడదు అని ఉంటుంది. ఇక్కడ చాలామంది పట్టించుకోని పాయింట్ ఒకటుంది: ఆ సంఘ పెద్దల్లో ఎవరైనా చార్జిషీట్‌లో సాక్షులుగా ఉన్నారా? ఉంటే నిందితుడు ప్రతి ఆదివారం వాళ్ళ పక్కనే కూర్చుని, వాళ్ళు ఆయనకి మైకు ఇచ్చి ఏడిపించి చప్పట్లు కొట్టించడం అంటే ప్రాసిక్యూషన్ దాన్ని బెయిల్ రద్దుకి వాడుకోవచ్చు. చార్జిషీట్ కాపీ పాప తల్లిదండ్రులకి ఇవ్వాలని చట్టంలోనే ఉంది, సెక్షన్ 25. వాళ్ళు సొంత లాయర్‌ని కూడా పెట్టుకోవచ్చు, సెక్షన్ 40. వాలంటీర్ల లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆ కుటుంబం ఒప్పుకుంటే వాళ్ళ ద్వారా స్పెషల్ పీపీకి (ఆ కేసు వాదించే ప్రభుత్వ లాయర్) చేర్చండి. ఒప్పుకోకపోతే మీరే స్టేషన్‌లో ఆ కేసు ఐఓకి (దర్యాప్తు చేసే ఆఫీసర్) రాతపూర్వకంగా ఇవ్వచ్చు, పిల్లలకి ప్రమాదం ఉందని చెప్పడానికి మీరు ఆ కేసులో పార్టీ అవ్వక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసులు ఉండవని సెక్షన్ 19లోనే రాసి ఉంది.

బోరబండ బ్రదర్, ఆ పూలు చల్లిన ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ రిపోర్ట్ 2022లో వచ్చింది, చంపాలనే కాల్చారని, పోలీసుల మీదే విచారణ జరగాలని చెప్పింది. అదలా ఉంచండి. ఎన్‌సీఆర్‌బీ (కేంద్రం నేరాల రికార్డుల సంస్థ) లెక్కలు ఏ ఏడాదివి తీసినా పోక్సోలో నూటికి తొంభైకి పైగా పిల్లలకి తెలిసినవాళ్ళే. బాబాయి, ట్యూషన్ సారు, కీబోర్డ్ అంకుల్. "చెప్తే ఆయన్ని కాల్చి పారేస్తారు" అని తెలిస్తే ఏ పిల్ల నోరు తెరుస్తుంది, ఏ తల్లి తెరవనిస్తుంది?

విశ్వాసి_పాదయాత్రికుడు

వందనాలు. అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. కోర్టు ఇంకా తేల్చలేదు కదా, కేసు పెట్టగానే నేరస్థుడు అయిపోతాడా? ఒక సిస్టర్ పెట్టిన అత్యాచారం కేసులో జలంధర్ బిషప్ గారి మీద ఎంత గొడవ చేశారు, సిస్టర్లు (నన్స్) రోడ్డు మీద కూర్చున్నారు, టీవీల్లో డిబేట్లు, చివరికి 2022 జనవరిలో కొట్టాయం కోర్టు నిర్దోషి అనింది. ఆ మనిషికీ కుటుంబం ఉంటుంది. మారుమనస్సు పొందినవాణ్ణి గేటు బయట నిలబెడితే అది సంఘం ఎలా అవుతుంది?

ఆర్‌సీఎం_సికింద్రాబాద్

విశ్వాసి గారూ, మీరు బిషప్ కేసు ఎత్తారు కాబట్టి చెప్తున్నా, నేను క్యాథలిక్‌నే. ఆ తీర్పు వచ్చింది, నిజమే, కానీ ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. కంప్లయింట్ 2018 జూన్‌లో, అరెస్ట్ సెప్టెంబర్‌లో, అది కూడా ఆ సిస్టర్లు కొచ్చిలో దీక్షకి కూర్చున్నాకే. కోర్టు విడిచిపెట్టాక కూడా 2023 జూన్‌లో ఆయన రాజీనామాని వాటికన్ ఆమోదించింది, కోర్టు లెక్క వేరు పదవి లెక్క వేరు అని వాళ్ళకే తెలుసు. అదే కేరళలో కొట్టియూర్ ఫాదర్‌కి 2019లో పోక్సో కోర్టు 20 ఏళ్ళు వేసింది, తర్వాత హైకోర్టు శిక్ష తగ్గించింది కానీ నేరం మాత్రం నిలబడింది.

మాకు పైన ఒక వ్యవస్థ ఉంది, అదే మా జబ్బు, అదే మా మందు. దశాబ్దాల పాటు ఒక పారిష్‌లో (అంటే ఒక చర్చి పరిధిలో) ఫాదర్ మీద కంప్లయింట్ వస్తే ఆయన్ని గుట్టుగా ఇంకో పారిష్‌కి పంపడం, అక్కడ మళ్ళీ అదే, 2002లో అమెరికాలోని బోస్టన్‌లో పేపర్ వాళ్ళు బయటపెట్టేదాకా సాగింది. ఇప్పుడు 2019 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన చట్టం ప్రకారం ఫాదర్లు, సిస్టర్లు తెలిసినది పైకి చెప్పి తీరాలి, ప్రతి డయోసిస్‌లో (బిషప్ పరిధిలో) కంప్లయింట్ తీసుకునే ఏర్పాటు ఉండాలి, అదే ఏడాది డిసెంబర్‌లో ఇలాంటి కేసుల మీద ఉన్న పోప్ రహస్య నియమం కూడా తీసేశారు. కాగితం మీద బాగుంది, కింద పారిష్‌లో అమలు ఎలా ఉందంటే అది ఇంకో పోస్ట్. ఆదివారం అమ్మగారి చర్చికి ఆ పైవాళ్ళు కూడా లేరు. స్థలం పాస్టర్ గారిది, ట్రస్ట్ వాళ్ళ ఇంట్లోవాళ్ళది, కమిటీ ఆయన బావమరుదులు, ఎవరికి అప్పీల్ చేస్తారు? అందుకే మీలాంటి చోట పోలీస్ స్టేషన్ తప్ప రెండో మెట్టు లేదు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయం చూపించి కోర్టుకెళ్ళొద్దన్నారు కదా, ఆ అధ్యాయంలో ఉన్నది డబ్బు, ఆస్తి లాంటి తగాదాలు, పసిపిల్ల మీద చెయ్యి వేయడం కాదు. వాక్యమే కావాలంటే రోమా పత్రిక 13 చదవమనండి, అధికారి ఊరికే కత్తి పట్టుకోలేదని ఉంది. మత్తయి 18లో తప్పు చేసిన సహోదరుణ్ణి ఒంటరిగా గద్దించమన్న మాట అందరూ చెప్తారు, దానికి కొన్ని వచనాల ముందే చిన్నపిల్లల్ని చెడగొట్టేవాడి మెడకి తిరుగటిరాయి కట్టే మాట ఉంది, అది ఏ పెద్దమనిషీ మైకులో చదవడు.

చార్మినార్_ఇరానీచాయ్

అస్సలాం అలైకుం, నమస్తే సబ్‌కో. మా దగ్గర కూడా ఇదే లొల్లి భాయ్, మసీద్ కమిటీలో. "ఉస్తాద్ సాబ్ మీద అట్ల అంటవా, కౌమ్ పేరు ఖరాబ్ అయితది, టీవీవాళ్ళకి దొరికితే అయిపోయినం" అని ముందు మాట అదే వస్తది. ఆ భయం ఝూటా కాదు, మా పేరు వస్తే హెడ్‌లైన్ వేరే తీరుగ పడుతది, ఆ సంగతి మాకు తెలుసు, కాని ఆ భయం ఖరీదు కట్టేది పిల్లగాడు. ఇంకోటి, మగపిల్లల గురించి ఎవ్వరు మాట్లాడరు. 2012లో పోక్సో వచ్చినంకనే కదా పిల్లగాడైనా పిల్లైనా కానూన్ ఒక్కటే అయ్యింది, అంతకుముందు మగపిల్లగానికి జరిగితే ఐపీసీ 377 తప్ప ఏం లేకుండె.

మా గల్లీలో ఏం చేసినమంటే, మక్తబ్ (పిల్లలకి ఖురాన్ నేర్పే క్లాసు) నడిచే రూంకి చెక్క తలుపు తీసేసి అద్దం తలుపు పెట్టినం, సబక్ (పాఠం) ఒక్కొక్కరికి వేరే రూంలో వినుడు బంద్, అందరి ముందలే హాల్లో. మగ్రిబ్ నమాజ్ తర్వాత ఒక్క పిల్లగాణ్ణి ఆపుడు బంద్, సామాన్ తెమ్మని ఉస్తాద్ రూంకి పంపుడు బంద్. ఉస్తాద్ సాబ్ మొదట నారాజ్ అయిండు, నా మీద షక్కా అని. నీ మీద కాదు సాబ్, రేపు మీ తర్వాత ఎవరొస్తరో మాకేం ఎరుక అని మా చాచా అన్నడు, అంతే, మాన్ గయే.

గుడిమల్కాపూర్_పూలబండి

మావాళ్ళేం తక్కువ తినలేదు. మైనర్ అమ్మాయి మీద అత్యాచారం కేసులో ఆశారాం అరెస్ట్ 2013లో, శిక్ష 2018 ఏప్రిల్‌లో, జోధ్‌పూర్‌లో, యావజ్జీవం. మధ్యలో సాక్షుల మీద దాడులు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. మన దేశంలో సాక్షుల రక్షణకి ఒక స్కీమ్ అంటూ సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో ఓకే చేసిందే, ఆ పిటిషన్ వేసినాయన ఆశారాం కేసులో సాక్షే. ఇక డేరా బాబా: ఎవరో పేరు రాయకుండా ఆశ్రమంలో అత్యాచారాలు జరుగుతున్నాయని ప్రధానికి ఉత్తరం రాసింది 2002లో, కోర్టు దోషి అన్నది 2017 ఆగస్టులో, ఆరోజు పంచకులలో భక్తుల విధ్వంసంలో ముప్పైమందికి పైగా పోయారు. ఆ తర్వాత పెరోల్, ఫర్లో అంటూ ఎన్నిసార్లు బయటికొచ్చాడో పేపర్ చదివేవాళ్ళకి తెలుసు.

నాకు కోపం బాబాల మీద కన్నా ఆ భక్తుల మీద ఎక్కువ. మా పెద్దమ్మ ఇప్పటికీ దేవుడి గూట్లోంచి ఆశారాం ఫోటో తీయలేదు, కుట్ర అంటుంది. పదిహేడేళ్ళ బిడ్డ మాట అబద్ధం, ఎనభై దాటిన స్వామి మాట నిజం ఆవిడకి, ఎంత చెప్పినా అంతే.

కోర్టుహాల్_నాలుగు

పూలబండి గారూ, చిన్న సవరణ, ఫిర్యాదు చేసినప్పటికి ఆ అమ్మాయికి పదహారేళ్ళు.

విశ్వాసి గారి ప్రశ్నకి జవాబు ఇవ్వాలి, ఎందుకంటే అందులో సగం న్యాయం ఉంది. అవును, తీర్పు వచ్చేదాకా ఆయన నిందితుడే, నేరస్థుడు కాదు. గుడికో చర్చికో రావడం ఆయన ఇష్టం, బెయిల్ షరతులు అడ్డం లేనంత వరకు. కానీ వీబీఎస్‌లో పాటలు నేర్పడం ఎవరి హక్కూ కాదండీ, అది సంఘం ఇచ్చే బాధ్యత. బ్యాంకులో క్యాష్ పోయిందని ఎంక్వయిరీ నడుస్తుంటే ఆ క్యాషియర్‌ని సస్పెండ్ చేస్తారు, నిర్దోషి అని తేలితే మళ్ళీ కూర్చోబెడతారు, దానికి ఎవరూ తీర్పు తీర్చారు అనరు. పోక్సో రూల్స్ 2020 ప్రకారం పిల్లలతో రెగ్యులర్‌గా పనుండే సంస్థలు స్టాఫ్‌కి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, నేను చదివినంతలో సండే స్కూల్ గానీ మక్తబ్ గానీ బాలవికాస్ (సాయి భక్తులు నడిపే పిల్లల క్లాసులు) గానీ దానికి బయట ఉండవు. చేయించే చోటు నేనైతే ఒక్కటీ చూడలేదు. పైగా మతసంస్థ మేనేజ్‌మెంట్‌లో, స్టాఫ్‌లో ఉండి ఆ సంస్థలోనే పిల్లల మీద నేరం చేస్తే మామూలు నేరం కాదు, తీవ్రమైన కేటగిరీ, 2019 సవరణ తర్వాత అత్యాచారం స్థాయి అయితే కనీసం 20 ఏళ్ళు.

ఇంకొకటి. అమెరికాలోలా ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకునే రిజిస్టర్ మనకి లేదు. 2018 సెప్టెంబర్‌లో సెంట్రల్ గవర్నమెంట్ పెట్టిన లైంగిక నేరస్థుల డేటాబేస్ పోలీసులు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూస్తాయి. కాబట్టి ఈయన రేపు ఈ చర్చి వదిలి ఉప్పల్‌లోనో పటాన్‌చెరులోనో ఇంకో చర్చిలో చేరితే అక్కడివాళ్ళకి తెలిసే దారి ఒక్కటే, ఇక్కడి పాస్టర్ చెప్పడం.

మహబూబ్‌నగర్_ఎంబీ

చివరి లైన్ చూసి లాగిన్ అయ్యాను. గొడవ వద్దనుకున్న చోటల్లా జరిగేది అదే, మంచి లెటర్ రాసిచ్చి పంపేస్తారు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ యెహోవా సాక్షులు అనే శాఖ వాళ్ళ ఫైళ్ళు తెప్పిస్తే 1950 నుంచి 1,006 మంది మీద ఆరోపణలు ఉన్నాయి, సంఘం తరఫున పోలీసులకి చెప్పింది ఒక్కటీ లేదు. ఇద్దరు సాక్షులు ఉంటేనే నమ్ముతాం అనే రూల్ ఉంది వాళ్ళకి, అలాంటి పనికి రెండో సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

అయితే గెంటేయడం కూడా జవాబు కాదని నా ఉద్దేశం. మాది మెనోనైట్ బ్రదరన్ శాఖ, పాలమూరు వైపు మా చర్చిలు మీకు తెలిసే ఉంటాయి. కెనడాలో హామిల్టన్ అనే ఊళ్ళో 1994లో పిల్లల మీద నేరాలు చేసి పూర్తి శిక్ష అయిపోయి బయటికొచ్చిన ఒకతన్ని ఎవరూ దగ్గరికి రానివ్వకపోతే ఒక మెనోనైట్ పాస్టర్ కొంతమందిని పోగేసి అతని చుట్టూ ఒక గుంపు కట్టాడు. రోజూ ఒకరు ఫోన్, ఒకరు కలవడం, ఎక్కడికి పోతున్నావు, ఎవరితో ఉన్నావు, మొహమాటం లేకుండా అడగడం. పోలీసులతో కూడా మాట్లాడుకున్నారు. అది తర్వాత బ్రిటన్ దాకా పాకింది. ఇంగ్లండ్ చర్చిల్లో ఇలాంటి మనిషి వస్తానంటే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటారు: ఏ ఆరాధనకి రావాలి, ఎక్కడ కూర్చోవాలి, పక్కన ఎవరుండాలి, పిల్లల గది వైపు పోకూడదు, తప్పితే ఇక రావద్దు. విశ్వాసి గారూ, మీరన్న మారుమనస్సు నిజమైతే ఆ కాగితం మీద ఆయనే ముందు సంతకం పెడతాడు. నాకు పిల్లల క్లాసు ఇవ్వొద్దండీ అని ఆయనే చెప్పాలి అసలు. మైకు తీసుకుని నా శ్రమలు అని ఏడ్చాడంటే, ఆ శ్రమలు ఎవరివో ఆయనకి ఇంకా ఎక్కలేదు.

ఆదివారం_అమ్మ

అందరికీ థాంక్స్, నిన్న రాత్రంతా ఇవే చదువుతూ కూర్చున్నా. పాప వాళ్ళ అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. ఇంటికి ఎవర్నీ రావద్దంది, మళ్ళీ ప్రార్థన అని వస్తారేమో అని భయమంట. కానీ లిస్టు సంగతి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత స్క్రీన్‌షాట్ పంపు అక్కా అంది. స్టేట్‌మెంట్ తీసుకున్నప్పుడు లకిడీకాపూల్ దగ్గర హాకా భవన్‌లో బాధితుల కోసం పోలీసులు నడిపే భరోసా సెంటర్‌కి వెళ్ళారట, అక్కడ యూనిఫాం లేకుండా ఒక మేడమ్ నెమ్మదిగా మాట్లాడిందని, చర్చిలో పెద్దల ముందు చెప్పించినప్పుడు మాత్రం పాప నేల చూస్తూనే ఉందని చెప్పింది. ఆరుగురు మగవాళ్ళ ముందు కూర్చోబెట్టి చెప్పించారట.

మేము నలుగురు తల్లులం కలిసి లెటర్ రాస్తున్నాం, ఆయన పేరు తీస్తే తప్ప పిల్లల్ని పంపమని. పాస్టర్ గారు నోటితో చూద్దాంలే అంటారు, లెటర్ తీసుకోనంటే ఏం చేయాలి?

కోర్టుహాల్_నాలుగు

స్పీడ్ పోస్ట్‌లో పంపండి, రసీదు దాచుకోండి, ట్రాకింగ్‌లో డెలివరీ అయినట్టు వచ్చాక దాన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. లెటర్‌లో పాప పేరు గానీ కేసు నంబర్ గానీ రాయొద్దు. "మీ సంస్థలో వాలంటీర్‌గా పెట్టినవారిపై పోక్సో కేసు విచారణలో ఉందని మీకు తెలుసు" అన్న ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా పెట్టండి, రేపు తెలియదు అనడానికి వీల్లేకుండా. క్లాసులు మొదలయ్యే రోజు ఆయన అక్కడ కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి, లేదా 112. ఆ ఆరుగురి ముందు చెప్పించిన సంగతి పాప అమ్మ స్పెషల్ పీపీకి చెప్పిందా? చెప్పకపోతే ఈసారి వాయిదాకి ముందే చెప్పమనండి.